ఒక చుట్టు, రెండు జెండాలు

(మైదానం చెప్పిన చరిత్ర – 7)

"ఆటల్లోకి రాజకీయాలు తేకండి."

మిత్రులారా, ఈ మాట వినని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. క్లాసులో పిల్లలు అంటారు, స్టాఫ్ రూములో సహోద్యోగులు అంటారు, టీవీలో పెద్దమనుషులు అంటారు. ఒక క్రీడాకారిణి తన జనం గురించి నోరు తెరిచిన ప్రతిసారీ ఈ మాట రెడీగా ఉంటుంది. మరి ఆమె నోరు తెరవకుండానే ఊరంతా ఆమె పుట్టుపూర్వోత్తరాలు తవ్వినప్పుడు ఈ పెద్దమనుషులు ఎక్కడుంటారు? ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. అందుకు నేను ఎంచుకున్నది ఆడవాళ్ల 400 మీటర్ల పరుగు. మనిషి పేరు క్యాథీ ఫ్రీమన్. దేశం ఆస్ట్రేలియా.

ముందు ఆ పరుగు సంగతి చెప్తాను. 400 మీటర్లంటే స్టేడియంలో సరిగ్గా ఒక చుట్టు. మొదటి సగం ఊపుగానే సాగిపోతుంది. మూడో వంద మీటర్లలో ఊపిరి బరువెక్కుతుంది. ఆఖరి వందలో కాళ్లు మనవి కావు, బండరాళ్లు కట్టినట్టుంటాయి. చివర్లో ఒకామె దూసుకెళ్లినట్టు టీవీలో మనకు కనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడ అందరి వేగమూ పడిపోతూనే ఉంటుంది. తక్కువ పడిపోయిన మనిషి గెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ పరుగులో అందరూ ఒకే గీత మీద నిలబడరు. బయటి లేన్‌లో వంపు పెద్దది కాబట్టి ఆ లేన్ మనిషిని ముందుకు జరిపి నిలబెడతారు. తెలియనివాళ్లు చూస్తే ఆమెకేదో రాయితీ ఇచ్చినట్టుంటుంది. కొలిచి చూస్తే అందరికీ అవే 400 మీటర్లు. ట్రాక్ మీద ఈ లెక్కను చూసి మెరిట్‌కు అన్యాయం జరిగిందని ఎవరూ ధర్నా చెయ్యరు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, బయట పనికొస్తుంది.

ఆడవాళ్లకు ఈ ఒక్క చుట్టు ఊరికే దక్కలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తారు. గీత దాటాక కొందరు అలసి కూలబడితే, ఇది ఆడ ఒంటికి తగదని పత్రికలు గోల చేశాయి. మగవాళ్లు కూలబడితే వీరత్వం, ఆడవాళ్లు కూలబడితే బలహీనత! ఆ తర్వాత 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 200 మీటర్లకు మించి పరుగే లేదు. 400 మీటర్లు 1964లో టోక్యోలో వచ్చింది. మొదటి స్వర్ణం ఆస్ట్రేలియా అమ్మాయి బెట్టీ కత్‌బర్ట్‌ది. టైమ్ 52.0 సెకన్లు.

1964 అన్నాం కదా, అదే ఏడాది అదే ఆస్ట్రేలియాలో ఇంకో దృశ్యం చూడండి. ఆ దేశ రాజ్యాంగంలో 127వ సెక్షన్ ఒకటి ఉండేది. దేశ జనాభాను లెక్కగట్టేటప్పుడు ఆ నేల మూలవాసులను కలపకూడదని అది చెప్పేది. వేల ఏళ్లుగా అక్కడ ఉన్న మనుషులు లెక్కలోకి రారు. 1967లో రిఫరెండం పెట్టి, 90 శాతానికి పైగా ఓట్లతో ఆ సెక్షన్‌ను తీసేశారు. అంటే బెట్టీ కత్‌బర్ట్ ఆస్ట్రేలియా తరఫున స్వర్ణం గెలిచిన రోజున, ఆస్ట్రేలియా అన్న మాటకు అర్థంలోనే ఆ జనం లేరు.

ఆ రిఫరెండం జరిగిన ఆరేళ్లకు, 1973లో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని మెకాయ్ పట్నంలో క్యాథీ ఫ్రీమన్ పుట్టారు. వాళ్లమ్మ పుట్టింది పామ్ ఐలాండ్‌లో. పామ్ ఐలాండ్ అంటే పేరు విని కొబ్బరిచెట్ల విహారస్థలం అనుకునేరు. 1918 నుంచి మూలవాసులను వాళ్ల వాళ్ల నేలల మీంచి పెరికి తెచ్చి పడేసిన ప్రభుత్వ రిజర్వు అది. అక్కడ ఉన్నవాళ్ల రాకపోకలు, పని, జీతం అన్నీ అధికారి చేతిలో ఉండేవి. క్యాథీ అమ్మమ్మను చిన్నతనంలోనే తల్లి దగ్గరి నుంచి తీసుకెళ్లిపోయారు. కారణం, ఆ పిల్ల ఒంటి రంగు కాస్త తెల్లగా ఉండడం. తెల్లరక్తం కలిసిన పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి పెంచితే కొన్ని తరాల్లో వాళ్లలోని మూలవాసీతనం కరిగిపోతుందని అప్పటి ప్రభుత్వాల ఆలోచన. ఇలా లాక్కెళ్లిన పిల్లల తరాలనే ఆ దేశంలో 'స్టోలెన్ జనరేషన్స్' అంటారు. దొంగిలించిన తరాలు.

ఇక 1994కు వద్దాం. కెనడాలోని విక్టోరియాలో కామన్వెల్త్ క్రీడలు. 21 ఏళ్ల క్యాథీ 400 మీటర్లు గెలిచింది. గెలిచినవాళ్లు జెండా కప్పుకుని స్టేడియం చుట్టూ ఒక చుట్టు నడుస్తారు కదా, క్యాథీ ముందుగా తీసుకున్నది మూలవాసుల జెండా. పైన నలుపు, కింద ఎరుపు, మధ్యలో పసుపు సూర్యుడు. నలుపు జనం, ఎరుపు నేల. మూలవాసి కళాకారుడు హెరాల్డ్ థామస్ తయారుచేసిన ఈ జెండాను మొదటిసారి 1971లో ఎడిలైడ్‌లో ఎగరేశారు, భూమి హక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లో. ఆ తర్వాతే ఆమె ఆస్ట్రేలియా జాతీయ జెండా అందుకుంది.

ఆస్ట్రేలియా జట్టు అధిపతి ఆర్థర్ టన్‌స్టాల్‌కు కోపం వచ్చింది. జాతీయ జెండా ముందు పట్టుకోవాలి, ఆ రెండో జెండాకు ఇక్కడ చోటు లేదన్నట్టుగా ప్రకటన ఇచ్చాడు. ఆమె ఏం చేసింది? వాదించలేదు. కొన్ని రోజుల తర్వాత 200 మీటర్లు కూడా గెలిచి, మళ్లీ రెండు జెండాలూ పట్టుకుని తిరిగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆమె జాతీయ జెండాను కాదనలేదు. కాల్చలేదు, కింద పడెయ్యలేదు. రెండూ పట్టుకుంది. "నేను మీ దేశపు మనిషినే, కానీ నేను ఎవరినో మర్చిపోయి మీ మనిషిని కాలేను" అనడమే అది. టన్‌స్టాల్ లాంటివాళ్లకు అభ్యంతరం జెండా గుడ్డ మీద కాదు. ఆమె పరుగు కావాలి, పతకం కావాలి. పతకాల పట్టికలో ఆస్ట్రేలియా పేరు పక్కన ఆ అంకె కావాలి. ఆమెతో పాటు వచ్చే చరిత్ర మాత్రం వద్దు. తమాషా ఏంటంటే, 1995లో ఆస్ట్రేలియా ప్రభుత్వమే ఆ జెండాకు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది.

ఇప్పుడు 1997. ఈ ఏడాదిని కాస్త నెమ్మదిగా చూడాలి.

ఆ ఏడాది మే నెల 26న ఆస్ట్రేలియా పార్లమెంటు ముందుకు 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక వచ్చింది. తల్లుల నుంచి పిల్లల్ని వేరుచేసిన చరిత్ర మీద మానవ హక్కుల కమిషన్ జరిపిన విచారణ అది. వందల మంది బాధితులు తమ కథలు చెప్పుకున్నారు. 1910 నుంచి 1970 దాకా మూలవాసుల పిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా బలవంతంగా తీసుకెళ్లి ఉంటారని నివేదిక అంచనా వేసింది. దేశం తరఫున క్షమాపణ చెప్పాలంది. ప్రధాని జాన్ హోవర్డ్ చెప్పనన్నాడు. ఎప్పుడో వెనకటి ప్రభుత్వాలు చేసిన పనికి ఈ తరం ఎందుకు క్షమాపణ చెప్పాలన్నది ఆయన వాదన. "మా తాతలు చేసినదానికి మేమేం చేస్తాం" అనే మాట మనకు కొత్త కాదు కదా.

రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో ఏథెన్స్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్. అంతకు రెండేళ్ల ముందు 1995లో గోథెన్‌బర్గ్‌లో జరిగిన ఇవే పోటీల్లో క్యాథీ నాలుగో స్థానంలో ఆగిపోయింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో 48.63 సెకన్లలో పరుగెత్తినా, ఫ్రాన్స్‌కు చెందిన మరీ జోసే పెరెక్ 48.25తో ముందు గీత దాటింది. ఆ 48.63ను క్యాథీ జీవితంలో మళ్లీ దాటలేదు. ఇప్పుడు ఏథెన్స్ ఫైనల్లో క్యాథీ 49.77. జమైకా అమ్మాయి శాండీ రిచర్డ్స్ 49.79. అమెరికాకు చెందిన జెర్ల్ మైల్స్ క్లార్క్ 49.90. మొదటి ఇద్దరి మధ్య తేడా సెకనులో యాభయ్యో వంతు. కన్నురెప్ప పడేంత కూడా కాదు. అథ్లెటిక్స్‌లో ఆస్ట్రేలియా మూలవాసుల నుంచి మొదటి ప్రపంచ చాంపియన్ అలా వచ్చింది.

ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. మే నెలలో ఒక జనం మీద జరిగిన దొంగతనాన్ని పార్లమెంటు ముందు పెడితే దేశాధినేతకు సారీ అనే మాట రాలేదు. ఆగస్టులో ఆ దొంగతనానికి బలైన ఒక ఇంటి మనవరాలు దేశానికి ప్రపంచ టైటిల్ తెస్తే చప్పట్లు మాత్రం వచ్చాయి. 1998లో ఆమెను 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' చేశారు. 1999లో స్పెయిన్‌లోని సెవిల్‌లో 49.67తో ఆమె ప్రపంచ టైటిల్ నిలబెట్టుకుంది.

2000 సంవత్సరం. సిడ్నీలో ఒలింపిక్స్ ఏడాది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక సెనేట్ కమిటీకి ఇచ్చిన పత్రంలో, లాక్కెళ్లిన పిల్లలు పది శాతానికి మించరు కాబట్టి 'దొంగిలించిన తరం' అనే మాటే సరికాదని రాసింది. తల్లికి దూరమైన పిల్లకు శాతాలు చెప్పే ప్రభుత్వం అన్నమాట! దేశానికి ముఖచిత్రంగా పోస్టర్ల మీద ఉన్న క్యాథీ ఈసారి ఊరుకోలేదు. లండన్ పత్రికతో మాట్లాడుతూ తన అమ్మమ్మ కథ చెప్పి, ప్రభుత్వ మొండితనాన్ని నేరుగా విమర్శించింది. మే 28న సిడ్నీ హార్బర్ బ్రిడ్జ్ మీద దాదాపు రెండున్నర లక్షల మంది మూలవాసులతో సయోధ్య కోరుతూ నడిచారు. ఆకాశంలో విమానం 'సారీ' అని రాసింది. ప్రధాని నడవలేదు.

సెప్టెంబర్ 15న ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. ఒలింపిక్స్‌లో స్త్రీలు అడుగుపెట్టి వందేళ్లయిన సందర్భంగా స్టేడియం లోపల జ్యోతిని ఆస్ట్రేలియా మహిళా దిగ్గజాలే ఒకరి నుంచి ఒకరు అందుకున్నారు. వాళ్లలో మనం ఇందాక చెప్పుకున్న బెట్టీ కత్‌బర్ట్ కూడా ఉన్నారు. నరాల జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్నారు. సహచర స్ప్రింటర్ రేలీన్ బాయిల్ ఆ కుర్చీ తోశారు. చివరగా జ్యోతి క్యాథీ చేతికి వచ్చింది. 1964లో 400 మీటర్లు గెలిచిన మనిషి నుంచి మొదలైన ఆ వరస, ఆ 1964లో లెక్కలోకి రాని జనం బిడ్డ దగ్గర ముగిసింది.

పది రోజుల తర్వాత, సెప్టెంబర్ 25 రాత్రి ఫైనల్. స్టేడియంలో 1,12,524 మంది. పెరెక్ పోటీకి ముందే సిడ్నీ వదిలి వెళ్లిపోయింది. క్యాథీది ఆరో లేన్. ఒళ్లంతా, తల కూడా కప్పిన సూట్. బూట్లు మాత్రం ఎరుపు, నలుపు, పసుపు. రెండో జెండా ఈసారి కాళ్ల దగ్గరే ఉంది. చివరి మలుపు తిరిగేసరికి జమైకాకు చెందిన లొరేన్ గ్రాహం, బ్రిటన్‌కు చెందిన క్యాథరీన్ మెర్రీ ఆమెకు సమానంగా ఉన్నారు. ఆఖరి వందలో అందరూ పడిపోతారని చెప్పాను కదా, అక్కడే ఆమె అందరికన్నా తక్కువ పడిపోయింది. 49.11. గ్రాహం 49.58. మెర్రీ 49.72.

గీత దాటాక ఆమె నవ్వలేదు, ఎగరలేదు. ట్రాక్ మీద కూలబడింది. బూట్లు విప్పేసింది. కాసేపటికి లేచి, రెండు జెండాలు కలిపి పట్టుకుని, ఉత్త కాళ్లతో చుట్టు తిరిగింది. మూలవాసుల జెండాకు ఒలింపిక్స్‌లో అధికారిక గుర్తింపు లేదు. ఆ రాత్రి ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు. 1994లో తప్పు అన్న పని 2000లో పండగైంది. ఆమె మారలేదు. అదే మనిషి, అవే రెండు జెండాలు. ఆరేళ్లలో దేశానికి ఆమె అవసరం పెరిగింది, అంతే.

అయితే ఆ రాత్రితో కథ సుఖాంతం అని ముగించే వ్యాసాలు చాలా ఉన్నాయి. "ఒక చుట్టుతో ఆమె దేశాన్ని ఏకం చేసింది" అని రాస్తారు. నాకు ఆ వాక్యంతో పేచీ ఉంది. క్రీడలు జరుగుతున్న ఆ రోజుల్లోనే సిడ్నీ విక్టోరియా పార్కులో మూలవాసులు టెంట్లు వేసుకుని తమ సార్వభౌమత్వం అడుగుతూ కూర్చున్నారు. వాళ్లను ఏ చుట్టూ ఏకం చెయ్యలేదు. పార్లమెంటులో క్షమాపణ రావడానికి 2008 ఫిబ్రవరి 13 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రభుత్వం మారి కెవిన్ రడ్ ప్రధాని అయ్యాక గానీ ఆ మాట రాలేదు. ఇక 2023 అక్టోబర్ 14న ఇంకో రిఫరెండం జరిగింది. మూలవాసులకు సంబంధించిన విషయాల్లో పార్లమెంటుకు సలహా ఇచ్చే ఒక సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా అన్నది ప్రశ్న. అధికారం కాదు, వీటో కాదు, సలహా మాత్రమే. క్యాథీ ఫ్రీమన్ 'అవును' వైపు నిలబడ్డారు. దాదాపు 60 శాతం ఓటర్లు 'వద్దు' అన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు.

ఆమె ఎక్కడ పరుగెత్తినా చప్పట్లు కొట్టిన దేశం, ఆమె మాట అడిగితే చెయ్యి ఎత్తలేదు. చప్పట్లకు ఖర్చు లేదు. వాటా ఇవ్వాలంటేనే లెక్కలు, భయాలు, రాజ్యాంగ సందేహాలు అన్నీ గుర్తొస్తాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అదే ఒక చుట్టు. 2018 జులై 12, ఫిన్లాండ్‌లోని టాంపెరె, 20 ఏళ్లలోపు వారి ప్రపంచ చాంపియన్‌షిప్స్. అస్సాంలోని ధింగ్ ప్రాంతపు అమ్మాయి హిమా దాస్ చివరి మలుపులో వెనకబడి ఉండి, ఆఖరి వందలో అందరినీ దాటి 51.46 సెకన్లలో గెలిచింది. ప్రపంచ స్థాయి పోటీల్లో ట్రాక్ పరుగులో భారతీయులు గెలిచిన మొదటి స్వర్ణం అది. ఆ వారంలోనే రెండు సంగతులు జరిగాయి. సెమీఫైనల్ తర్వాత ఆమె మాట్లాడిన వీడియో పెట్టి, ఇంగ్లిష్ అంత ధారాళంగా రాదని భారత అథ్లెటిక్స్ సమాఖ్య వ్యాఖ్యానించింది. జనం తిట్టాక క్షమాపణ చెప్పుకుంది. రెండోది, గూగుల్‌లో ఆమె పేరు కొట్టగానే పక్కన 'కులం' అనే మాట వచ్చేంతగా జనం ఆమె కులం వెతికారు. అంతకు రెండేళ్ల ముందు, రియోలో పి.వి. సింధు రజతం గెలిచినప్పుడు కూడా ఇదే వెతుకులాట. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయని పత్రికలు రాశాయి.

క్యాథీని, హిమాను పక్కన పెట్టి చూడండి. అక్కడ తానెవరో ఆమే చెప్పుకుంది. జెండా తన చేత్తో పట్టుకుంది. అది 'రాజకీయం' అయింది. ఇక్కడ ఆ అమ్మాయి చెప్పలేదు. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె వీపు వెనక లక్షల వేళ్లు ఫోన్ల మీద టైపు చేశాయి. దానికి మాత్రం 'ఆసక్తి' అని పేరు. తానెవరో మనిషి తలెత్తి చెప్తే తప్పు, జనం గుట్టుగా తవ్వుకుంటే ఒప్పు. ఆటల్లోకి రాజకీయాలు తేవద్దని చెప్పేవాళ్లలో ఎంతమంది ఆ రాత్రి ఆ వెతుకులాటలో ఉన్నారో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి.

మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కథా ఈ చుట్టులోదే. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం అది. ఆ పిల్ల చిన్నప్పుడు ఊళ్లో వాళ్లు ఎగతాళి చేసేవాళ్లని, అనాథాశ్రమంలో వదిలెయ్యమని సలహాలు ఇచ్చేవాళ్లని కూలి పనులు చేసుకుని బతికిన తల్లిదండ్రులు పత్రికలకు చెప్పారు. పతకం వచ్చాక ఊరి పేరు నిలబెట్టిన బిడ్డ అయింది. మంచిదే. కానీ పతకం రాని దీప్తులు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు? వాళ్లకు మర్యాద దక్కాలంటే ప్రపంచ రికార్డు పెట్టాల్సిందేనా?

విద్యార్థి మిత్రులకు చివరగా ఒక సంగతి. క్యాథీ ఫ్రీమన్ 2003లో పరుగు ఆపేశారు. 2007లో ఒక ఫౌండేషన్ పెట్టి మూలవాసుల పిల్లల చదువు కోసం పని మొదలుపెట్టారు. మొదట వెళ్లింది పామ్ ఐలాండ్‌కే. వాళ్లమ్మ పుట్టిన ఆ దీవికే. చప్పట్లు కొట్టిన స్టేడియం వైపు కాకుండా, లెక్కలోకి రాని చోటి వైపు తిరిగి నడిచారు. ఆ నడకకు టీవీ ప్రసారం లేదు, టైమ్ కొలిచేవాళ్లు లేరు.

ఈసారి ఎవరైనా మీతో "ఆటల్లోకి రాజకీయాలు ఎందుకు" అంటే గొంతు పెంచకండి. క్యాథీ చేతిలోని రెండు జెండాల్లో ఏది రాజకీయమో, ఏది కాదో చెప్పమని మాత్రం అడగండి.